రోడ్డు మీద జబ్బుపడ్డ కుక్క కనిపిస్తే ఏం చేయాలి? దాని ఇంటివాళ్ళను ఎలా పట్టుకోవాలి?

నేను మొదటిసారి చూసినప్పుడు అది బూడిద రంగు కుక్క. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. జుట్టు ఉండలు కట్టింది, కళ్ళ చుట్టూ పుసి ఎండి అంటుకుపోయింది. ఆగి ఉన్న కారు కింద పడుకుని, తల కూడా ఎత్తకుండా చూస్తోంది. "జబ్బు చేసిందని ఎవరో వదిలేసుంటారు" అని పక్కనున్నాయన తేల్చేశాడు. నేనూ నమ్మేశాను. 19 రోజుల తర్వాత దాని ఇంటివాళ్ళు దొరికారు. వాళ్ళు అంటించిన పోస్టర్‌ను ఆ 19 రోజులూ నేను చూస్తూనే తిరిగాను. అందులో ఉన్నది తెల్లగా, బొద్దుగా, మెడలో ఎర్ర బెల్టుతో ఉన్న కుక్క. ఇదీ అదీ ఒకటేనని నాకు తట్టలేదు.

అందుకే ముందే ఒక మాట. కుక్క ఉన్న స్థితిని చూసి దాని కథ ఊహించుకోకండి. జుట్టు ఉండలు కట్టడానికి, ఒళ్ళంతా పిడుదులు పట్టడానికి, చిక్కి సగం కావడానికి కొన్ని వారాలు చాలు. బాగా చూసుకున్న కుక్క కూడా తప్పిపోతే అలాగే తయారవుతుంది. "వీధి కుక్క", "వదిలేసిన కుక్క" అనే మాటలు కొన్నాళ్ళు పక్కన పెడితే వైద్యమూ వెతుకులాటా రెండూ మొదటి రోజే మొదలవుతాయి.

ముందు దూరం నుంచి చూడండి

జాలి వేయగానే పరుగెత్తి వెళ్ళొద్దు. పదిహేను ఇరవై అడుగుల దూరంలో నిలబడి రెండు నిమిషాలు చూడండి. ఊపిరి ఎలా తీస్తోంది, లేచి నిలబడగలుగుతోందా, కాలు ఈడుస్తోందా, ఎక్కడైనా రక్తం కనిపిస్తోందా, మనిషి కనిపిస్తే చెవులు కదులుతున్నాయా? ఇవన్నీ అక్కడి నుంచే తెలుస్తాయి.

చొంగ ఆగకుండా కారుతూ, కింది దవడ వేలాడుతూ, అరుపు మారిపోయి, తూలుతూ నడుస్తూ, ఎదురైన వాటినల్లా కొరుకుతూ ఉంటే మాత్రం దగ్గరికి వెళ్ళొద్దు. అది రేబిస్ కావచ్చు. డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బులో కూడా నురగ, ఫిట్స్, తూలడం ఉంటాయి. దూరం నుంచి చూసి ఏది ఏదో డాక్టర్లే చెప్పలేరు, మనమెంత. చుట్టుపక్కల పిల్లల్ని దూరంగా పంపించి, మీ ఊళ్ళో జంతువుల్ని పట్టే సిబ్బందికి గానీ రెస్క్యూ సంస్థకు గానీ ఫోన్ చేయండి. "నీళ్ళు తాగుతోంది, కాబట్టి రేబిస్ కాదు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నమ్మొద్దు. నీళ్ళంటే భయపడటం రేబిస్ సోకిన మనుషుల్లో కనిపించే లక్షణం. కుక్క విషయంలో దాన్ని గుర్తుగా తీసుకోలేం.

అలాంటిదేమీ లేకపోతే, చుట్టుపక్కల వాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉంది? "మూడేళ్ళుగా ఇక్కడే ఉంటుంది, పలానా ఆవిడ రోజూ తిండి పెడుతుంది" అంటే మీరు వెతకాల్సింది ఆవిడనే. "నిన్న మొన్నటి నుంచే" అంటే అది దారి తప్పిన కుక్క అయ్యే అవకాశం ఎక్కువ. మెడ చుట్టూ జుట్టు అరిగిన గీత ఉంటే ఒకప్పుడు బెల్టు ఉండేదన్నమాట. చెవి అంచున శుభ్రంగా కత్తిరించిన గాటు ఉంటే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్ళీ వీధిలో వదిలారని చాలాచోట్ల అర్థం. మనుషుల్ని చూసి బెదరడం మాత్రం దేనికీ రుజువు కాదు. ఇంట్లో మంచం మీద పడుకున్న కుక్క కూడా వారం రోజులు రోడ్డు మీద తిరిగితే అందరినీ చూసి పారిపోతుంది.

దగ్గరికి వెళ్ళడం, పట్టుకోవడం

నొప్పితో ఉన్న కుక్క ఎంత సాధువైనా కరుస్తుంది. ఇది గుర్తుంచుకునే అడుగు వేయండి.

తిన్నగా దాని ముఖం మీదికి వెళ్ళొద్దు. వంపు తిరుగుతూ, దాన్ని పట్టించుకోనట్టు వెళ్ళి, కొంత దూరంలో పక్కకు తిరిగి కూర్చోండి. కళ్ళలోకి చూడొద్దు. మెల్లగా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు మాట్లాడినా చాలు. ఘాటైన వాసన వచ్చే తిండి ముక్కలు దాని వైపు ఒక్కొక్కటే విసిరి, తర్వాతి ముక్క మీకు కాస్త దగ్గరగా పడేలా చూడండి. అదే దగ్గరికి వస్తే చెయ్యి కింది నుంచి, గదవ వైపు చాపండి. తల మీదుగా చెయ్యి తెస్తే కొట్టడానికే అనుకుంటుంది.

ఒళ్ళు బిగుసుకుపోవడం, తల తిప్పకుండా తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, పదే పదే పెదాలు నాక్కోవడం గమనిస్తే అక్కడే ఆగండి. ఆవులింతలు కూడా చాలాసార్లు నిద్ర వల్ల కాదు, టెన్షన్ వల్ల. తోక ఊపుతోందని మురిసిపోవద్దు. తోక పైకి నిక్కబొడుచుకుని కొస మాత్రమే బిగుసుగా కదులుతుంటే అది స్నేహం కాదు. గుర్రుమంటే అదిలించొద్దు, రెండడుగులు వెనక్కి వెయ్యండి.

లీష్ (కుక్కను పట్టుకుని నడిపించే తాడు) ఉంటే దాని కొక్కేన్ని పిడి దగ్గరి ఉచ్చులోంచి దూర్చి లాగండి, మెడకు వేసే వలయం తయారవుతుంది. బెల్టు లేని కుక్కకు ఇదే సులువు. పారిపోతే వెంటపడొద్దు. భయంతో పరుగెత్తే కుక్క వాహనాలను చూడదు. రోజూ ఒకే చోట, ఒకే వేళకు తిండి, నీళ్ళు పెడుతూ ఉంటే అక్కడికి రావడం అలవాటవుతుంది. అప్పుడు బోను ఉన్నవాళ్ళను పిలవచ్చు.

కదల్లేని కుక్కను ఎత్తాల్సి వస్తే దుప్పటి పక్కన పరిచి, మెల్లగా దాని మీదికి జరిపి, ఇద్దరు రెండు వైపులా పట్టుకుని ఎత్తండి. మూతికి మెత్తటి గుడ్డ పేలిక కట్టొచ్చు, కానీ వాంతులు చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా, ముక్కు చప్పిడిగా ఉన్న జాతి అయినా కట్టొద్దు. కుక్క నోటితో రొప్పుతూనే ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది, కాబట్టి కట్టినా కొద్ది నిమిషాలే.

కరిస్తే

ఏ పనీ పెట్టుకోకుండా వెంటనే గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని మరీ కడగండి, ఎందుకంటే మన 15 నిమిషాలు మామూలుగా రెండు నిమిషాలే ఉంటాయి. పైన ఏ పూతలూ పూయొద్దు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. టీకాతోపాటు, లోతు గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా అవసరం కావచ్చు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అంతకుముందే టీకా పడితే మాత్రం జబ్బు రాకుండా ఆగుతుంది.

కరిచిన కుక్కను 10 రోజులు గమనించమంటారు. కరిచే సమయానికి దాని చొంగలో వైరస్ ఉంటే ఆ లోపే లక్షణాలు కనిపించి చనిపోతుందని లెక్క. అయితే ఆ 10 రోజులూ అయ్యాక టీకా వేయించుకుందామని ఆగడం చాలా ప్రమాదం. టీకా మొదలుపెట్టి గమనించాలి. కరవకపోయినా మీ చేతి మీద పుండుంటే, చొంగ కంట్లో గానీ నోట్లో గానీ పడితే డాక్టరుకు ఆ సంగతి కూడా చెప్పండి.

కడగకముందే ఫోటోలు

ఇది నేను చేయని పని. క్లినిక్‌లో ముందు ఉండలు కట్టిన జుట్టంతా గొరిగించేశాను. సాయంత్రానికి నా దగ్గరున్నది బూడిద కుక్క కూడా కాదు, గులాబీ రంగు చర్మం కనిపించే ఇంకేదో జీవి. కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.

దొరికిన చోటే, దొరికినట్టే ఫోటోలు తీయండి. ముఖం, రెండు పక్కలు, తోక, నాలుగు పాదాలు, పొట్ట. బెల్టు గానీ తాడు ముక్క గానీ ఉంటే దాన్నీ తీయండి, పారేయకండి. స్నానం తర్వాత మళ్ళీ అవే ఫోటోలు తీయండి. పోస్టర్ మీద రెండూ పక్కపక్కనే వేయొచ్చు. ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు దొరికిందో అప్పుడే రాసి పెట్టుకోండి. వారం గడిచాక మీకే అనుమానం వస్తుంది.

ఎంత సీరియస్?

దారిలోనే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. పెదవి ఎత్తనిస్తే చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే రక్తం తగ్గి ఉండొచ్చు. గాయం కావచ్చు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. పసుపు పచ్చగా ఉంటే కామెర్లు. నీలంగా ఉంటే ఊపిరి అందడం లేదు, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు. కొన్ని కుక్కలకు చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప లోపల చూడాలి.

తీరిగ్గా పడుకున్న కుక్క నిమిషానికి సుమారు 10 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మామూలు ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, అంటే ఫారెన్‌హీట్‌లో సుమారు 100 నుంచి 102.5. మన లెక్కలో అది జ్వరమే, కుక్కకు కాదు. ముక్కు పొడిగా ఉందా తడిగా ఉందా అన్నదాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వస్తున్నా, పొట్ట డోలులా ఉబ్బి వాంతి కోసం తన్నుకుంటూ ఏమీ రాకపోతున్నా, మూత్రం కోసం ముక్కుతున్నా చుక్క పడకపోయినా, విరేచనాల్లో రక్తం పడుతున్నా నేరుగా ఎమర్జెన్సీకే. ఎండదెబ్బ తగిలినట్టుంటే నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ, గాలి తగిలేలా చేస్తూ బయల్దేరండి. తడి గుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే ఆగిపోతుంది.

మంచి చేయబోయి చంపే పనులు కొన్ని ఉన్నాయి. మన జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు అందులో మొదటివి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కకు విషమయ్యే మందులు. నీరసంగా ఉన్న కుక్క నోరు తెరిచి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గిన్నెలో పెట్టండి, తాగలేకపోతే సెలైన్ ఎక్కించాల్సిన స్థితన్నమాట. పుండులో పురుగులు కనిపిస్తే కిరోసిన్, టర్పెంటైన్ లాంటివి పోయొద్దు. విషం తిన్నదనిపించినా డాక్టరు చెప్పకుండా వాంతి చేయించొద్దు.

డాక్టరు దగ్గర

వెళ్ళేముందు ఫోన్ చేసి "బయట దొరికిన కుక్క, టీకాలు పడ్డాయో లేదో తెలియదు" అని చెప్పండి. పార్వో (రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు), డిస్టెంపర్ రెండూ మిగతా కుక్కలకు ఇట్టే అంటుకుంటాయి. వెయిటింగ్ హాల్లో కుక్కపిల్లల పక్కన కూర్చోబెట్టకుండా వాళ్ళే బయట ఆగమంటారు. ఖర్చు సంగతి కూడా ముందే అడిగేయండి, మొహమాటం వద్దు. ఎంతవరకు పెట్టుకోగలరో డాక్టరుకు చెబితే ముందు ఏ పరీక్ష అవసరమో, ఏది ఆగొచ్చో ఆయనే చెబుతారు.

ఇక చిప్. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే నాకు 12 రోజులు పోయింది ఇక్కడే.

మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది. మెడ వెనక, భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు. బ్యాటరీ ఉండదు, కుక్క ఎక్కడుందో చూపించే జీపీఎస్ కాదు. స్కానర్ దగ్గరకు తెచ్చినప్పుడు మాత్రమే ఒక నంబరు చెబుతుంది. అంతర్జాతీయ ప్రమాణంలో అది 15 అంకెల నంబరు, 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. పాత చిప్‌లలో కొన్ని 125 లేదా 128 కిలోహెర్ట్జ్‌వి, అన్ని స్కానర్లూ వాటిని చదవలేవు. పైగా చిప్ కొన్నిసార్లు పెట్టిన చోటే ఉండిపోదు, భుజం మీదికో ముందు కాలి వైపుకో జారుతుంది.

మొదటి క్లినిక్‌లో స్కానర్‌ను ఒకసారి మెడ మీద ఊపి "చిప్ లేదండీ" అన్నారు. నేను ఆ ముక్క రాసేసుకుని ఊరుకున్నాను. 12వ రోజున చెవి పుండు కోసం వేరే క్లినిక్‌కు వెళ్తే అక్కడి అమ్మాయి అడగకుండానే స్కానర్ తీసింది. మెడ నుంచి నడుము దాకా, తర్వాత రెండు పక్కలా, తర్వాత ఛాతీ, ముందు కాళ్ళు, గోడకు సున్నం వేస్తున్నంత నిదానంగా. ఎడమ మోచేయి పైన బీప్ అంది. కాబట్టి చిప్ లేదంటే "ఇంకోసారి, మెల్లగా, కాళ్ళ దాకా చూడండి" అని అడగండి. వీలైతే ఇంకో చోట వేరే స్కానర్‌తో చూపించండి. చెవి లోపల, తొడ లోపల పచ్చబొట్టు అంకెలేమైనా ఉన్నాయా అని కూడా చూడమనండి.

చిప్‌లో పేరు, ఫోన్ నంబరు ఉండవు. ఆ 15 అంకెలు ఏ రిజిస్ట్రీలో (చిప్ నంబరు, యజమాని వివరాలు రాసి ఉంచే జాబితాలో) నమోదయ్యాయో వెతకాలి. అక్కడ దొరికిన ఫోన్ నంబరు పనిచేయకపోవడం మామూలే. 2009లో అమెరికాలో అచ్చైన ఒక అధ్యయనంలో, షెల్టర్లకు (దిక్కులేని జంతువుల్ని ఉంచే చోట్లకు) చేరిన తప్పిపోయిన కుక్కల్లో మొత్తం మీద సుమారు 22 శాతమే ఇంటికి చేరితే, చిప్ ఉన్నవాటిలో సుమారు 52 శాతం చేరాయి. చిప్ ఉండీ చేరని వాటి విషయంలో పెద్ద కారణం ఫోన్ నంబరు తప్పు కావడమో, పనిచేయకపోవడమో. మా కుక్కదీ అదే కథ. అయితే చిప్ పెట్టిన క్లినిక్ పేరు రికార్డులో ఉంటే అక్కడ అడగొచ్చు. మాకు ఆ పేరుతోనే దారి దొరికింది, కాకపోతే ఆ క్లినిక్ ఇంకో చోటికి మారిపోయి ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఇంకో వారం.

ఇంట్లో మొదటి రోజులు

మీ ఇంట్లో వేరే జంతువులుంటే రెండు వారాలపాటు కొత్త కుక్కను వేరే గదిలో ఉంచండి. గిన్నెలు, గుడ్డలు, చీపురు అన్నీ వేరే. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌తో పోతుందనుకోవద్దు. ముందు మురికి కడిగేసి, ఒక వంతు బ్లీచ్‌కు ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లవుజులు తప్పనిసరి. లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు మనుషులకు అంటేది మూత్రం నుంచే. గజ్జిలో కూడా ఒక రకం మనకు దురద తెస్తుంది.

ఆకలితో మాడిపోయింది కదా అని గిన్నె నిండా పెట్టకండి. బాగా చిక్కిన కుక్క ఒక్కసారిగా ఎక్కువ తింటే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది. రోజుకు నాలుగైదు సార్లు, కొంచెం కొంచెం, డాక్టరు చెప్పిన లెక్కలో. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ (చక్కెర బదులు వాడేది) కలిపిన తీపి పదార్థాలు ఏవీ వద్దు. ఉడికిన ఎముకలు పేళ్ళుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

తలుపు విషయంలో మాత్రం పిచ్చివాళ్ళలా జాగ్రత్తగా ఉండండి. మొదటి వారాల్లో ఒక్క క్షణం తలుపు తెరిచి ఉంటే చాలు, రెండోసారి తప్పిపోతుంది, ఈసారి దానికి పరిచయం లేని పేటలో.

మిగతా సమయమంతా గమనించండి. మా కుక్క నేల మీద వేసిన ముక్కలు తింటుంది, గిన్నెలో పెడితే ముట్టదు. గిన్నె ముందు కూర్చుని చొంగ కార్చుకుంటూ నా మొహం చూస్తుంది. జబ్బు వల్ల ఆకలి లేదేమో అని మందు కూడా రాయించాను. మూడో రోజు గిన్నె పెట్టి, మోగుతున్న ఫోన్ ఎత్తి "ఓకే" అన్నాను. అంతే, మూతి గిన్నెలో పెట్టేసింది. ఎవరో దానికి ఆ పాఠం నేర్పారు. వదిలేసిన కుక్క అన్న నా నమ్మకం మొదటిసారి కదిలింది అక్కడే. "కూర్చో", "సిట్", "చెయ్యి ఇవ్వు" లాంటివి తెలిసిన భాషలన్నిటిలో అనిచూడండి. చెవులు ఎప్పుడు లేస్తాయో చూసి రాసుకోండి, పైకి మాత్రం ఎవరికీ చెప్పకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇంటివాళ్ళను వెతకడం

మొదటి రోజే మున్సిపల్ సిబ్బందికి, దగ్గరి షెల్టర్లకు, చుట్టుపక్కల పెట్ క్లినిక్‌లకు ఫోటోతో సహా తెలియజేయండి. దొరికిన కుక్కను నమోదు చేయించడం చాలాచోట్ల చట్టప్రకారం తప్పనిసరి, ఎన్ని రోజులు ఆగాలన్నది ఊరిని బట్టి మారుతుంది. అడిగి తెలుసుకోండి. మీరు ఎంత ఖర్చుపెట్టినా ఆ గడువు ముగిసేదాకా అది మీ కుక్క కాదు.

పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో "కుక్క దొరికింది" అని, ఫోటో, చోటు, తేదీ, ఫోన్ నంబరు. అంతే. కథలు రాయకండి, బండి మీద వెళ్ళేవాడికి మూడు సెకన్లే ఉంటాయి. జాతి పేరు ఖాయంగా తెలిస్తే తప్ప రాయొద్దు. మీరు ఒక జాతి పేరు రాస్తే, తమది వేరే జాతి అనుకుంటున్న ఇంటివాళ్ళు చదవకుండానే పోతారు. కుక్కకున్న గుర్తుల్లో ఒకటి రెండు మాత్రం దాచిపెట్టండి.

పోస్టర్లు దొరికిన చోటు చుట్టూ కూడళ్ళలో మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ పరిధి పెంచండి. కుక్క తనంతట తాను ఎక్కువ దూరం నడవకపోయినా, జాలిపడి ఎవరో బండిలో ఎక్కించుకుని ఇంకో పేటలో దించి ఉండొచ్చు. పేపర్ వేసేవాళ్ళు, పాలవాళ్ళు, డెలివరీ అబ్బాయిలు, వీధులు ఊడ్చేవాళ్ళు, వాచ్‌మన్లు, పొద్దున్నే కుక్కల్ని తిప్పేవాళ్ళు: ఎవరింటి కుక్క కనిపించడం లేదో అందరికంటే ముందు తెలిసేది వీళ్ళకే. ఈమధ్య పెద్ద ఉరుము గానీ టపాసుల మోత గానీ ఏ రోజు వచ్చిందో కూడా గుర్తుచేసుకోండి. బెదిరి పారిపోయిన కుక్కలు ఆ రోజు నుంచే కనిపించకుండా పోతాయి.

ఇప్పుడు నేను తప్పిన మలుపు. మీరు పోస్టర్ వేయడమే కాదు, "కుక్క తప్పిపోయింది" అని వేరేవాళ్ళు వేసినవి వెతకాలి. నిన్నటివే కాదు, రెండు మూడు నెలల వెనక్కి వెళ్ళాలి. వాటిని చూసేటప్పుడు బరువు, రంగు, జుట్టు పొడవు, బెల్టు మర్చిపోండి, అవన్నీ మారిపోతాయి. మారనివి చూడండి: చెవి ఎక్కడ మడత పడుతోంది, ముక్కు మీద గులాబీ మచ్చ ఏ వైపుంది, తోక ఏ వైపు చుట్టుకుంటుంది, ఒక్క పాదానికే తెల్లటి గోరు ఉందా, రెండు కళ్ళూ ఒకే రంగా? మీ దగ్గరున్న ఫోటో, వాళ్ళ ఫోటో పక్కపక్కన పెట్టి, చెవులు చెవులతో, ముక్కు ముక్కుతో పోల్చండి. మా కుక్క ముక్కు మీద ఎడమ వైపు కందిగింజంత మచ్చ ఉంది. ఆ పోస్టర్‌లోనూ ఉంది.

ఫోన్లు మొదలయ్యాక

కొంతమంది నిజంగా తమ కుక్క కోసం వెతుకుతూ చేస్తారు. కొంతమంది ఊరికే మంచి జాతి కుక్క దొరుకుతుందేమోనని చేస్తారు. తేడా తెలియాలంటే మీరు తక్కువ మాట్లాడాలి. "మీ కుక్క ఎలా ఉంటుందో చెప్పండి" అని ఆగండి. మగదా ఆడదా అన్నది కూడా వాళ్ళే చెప్పాలి. తర్వాత పాత ఫోటోలు, టీకా కార్డు, చిప్ నంబరు అడగండి. అసలైనవాళ్ళ ఫోన్‌లో కుక్క ఫోటోలు వందల్లో ఉంటాయి, సోఫా మీద ఒకటి, పిల్లల పక్కన ఒకటి, నోట్లో చెప్పుతో ఒకటి. ఒకే ఒక్క ఫోటో, అదీ మీ పోస్టర్‌లోంచి కత్తిరించినట్టుంటే ఫోన్ పెట్టేయండి. "ముందు డబ్బు పంపుతాం, ఓటీపీ చెప్పండి" అన్నా అంతే.

దాచిపెట్టిన గుర్తు ఇప్పుడు బయటికి తీయండి. మా కుక్క ఇంటావిడను నేను అడిగింది ఒక్కటే: "తిండి గిన్నె ముందు పెడితే ఏం చేస్తుంది?" అవతలి వైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. "ఓకే అనేదాకా ముట్టదండీ" అన్నారావిడ, గొంతు పూడుకుపోతుంటే.

కుక్క ఎలా ప్రవర్తించిందన్నదే ఏకైక రుజువుగా తీసుకోవద్దు. కొన్ని కుక్కలు ఎవరు పిలిచినా తోక ఊపుతూ వెళ్తాయి. కొన్ని సొంత మనిషి ఎదురుగా నిలబడ్డా బిగుసుకుపోతాయి. మా కుక్క ఆవిణ్ణి చూసి వెనక్కి వెళ్ళి కుర్చీ వెనక దాక్కుంది. ఆవిడ ఏడుస్తూ పిలిచేకొద్దీ ఇంకా ముడుచుకుంది. పిలవడం ఆపి, నేల మీద పక్కకు తిరిగి కూర్చోమన్నాను. రెండు నిమిషాలకు మెడ చాపి చీర కొంగు వాసన చూసింది. తర్వాత జరిగింది నేను రాయలేను, గది అంతా మూత్రం పోసిందని మాత్రం చెప్పగలను.

ఇలాంటి కలయిక మీ ఇంట్లో కాకుండా క్లినిక్‌లో పెట్టుకుంటే మంచిది. రికార్డులు అక్కడే సరిచూడొచ్చు, గొడవ వస్తే పక్కన మనుషులుంటారు. వైద్యం ఖర్చు బిల్లులు చూపించి అడగడంలో తప్పు లేదు, చాలామంది అడగకముందే ఇస్తారు. ఇస్తేనే కుక్కనిస్తానని పట్టుబట్టడం మాత్రం నాకు నచ్చదు, చట్టపరంగానూ చిక్కే. నిజంగా హింసించారనిపించే గుర్తులుంటే, కాలిన మచ్చలో, మాంసంలోకి దిగిన తాడో, అప్పుడు అప్పగించకముందే డాక్టరు చేత రాయించి అధికారులకు చెప్పండి. మీరే జడ్జీ అయిపోవద్దు.

ఎవరూ రాకపోతే, గడువు ముగిశాక అది కొత్త ఇంటికి వెళ్ళొచ్చు, మీ ఇల్లే కావచ్చు. వీధిలోనే పెరిగిన కుక్క అని తేలితే కోలుకున్నాక టీకాలు, ఆపరేషన్ చేయించి పట్టుకొచ్చిన చోటే వదలాలి. దానికి తెలిసిన నీడ, తెలిసిన మనుషులు అక్కడే ఉంటారు.

అప్పగించే రోజు

కాగితం మీద రాసివ్వండి: ఏ జబ్బుకు చికిత్స జరిగింది, ఏ మందు ఎన్ని పూటలు మిగిలింది, తర్వాతి టీకా ఎప్పుడు, ఏం తింటే వాంతి చేసుకుంది. రిపోర్టుల ఫోటోలు కూడా పంపండి. ఎవరికి, ఏ తేదీన అప్పగించారో రాసి సంతకం తీసుకోండి. మున్సిపల్ ఆఫీసుకు, షెల్టర్లకు ఫోన్ చేసి దొరికిందని చెప్పండి, మీ పోస్టర్లు మీరే తీసేయండి, లేకపోతే ఆరు నెలల దాకా అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. ఇక చిప్ రిజిస్ట్రీలో ఫోన్ నంబరు మార్చే పని "ఇంటికెళ్ళి చేస్తాం" అంటారు. కుర్చీ చూపించి, వాళ్ళ ఫోన్‌లోనే, మీ ఎదురుగా మార్పించాకే లీష్ చేతికివ్వండి.